వీపు మీది వాతలు చూసినవాళ్లు ఏం చేయాలి? బాలల రక్షణ అధికారులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన బాలల రక్షణ అధికారులకు, బాల న్యాయస్థానాల పెద్దలకు,

నమస్కారం. మీ బల్లల మీద ఫైళ్లు ఎంత ఎత్తున పేరుకుపోయి ఉంటాయో చూసినదాన్ని. అందుకే నేరుగా విషయానికి వస్తాను.

నేను చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. నా తరగతిలో తొమ్మిదేళ్ల కుర్రాడు ఒకడు ఉండేవాడు. వాడి పేరు, ఊరు ఇక్కడ రాయను. ఏ కార్యాలయానికి ఫిర్యాదు చేశానో కూడా రాయను. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని వచ్చేవాడు. ఒకరోజు బోర్డు మీద లెక్క చేయడానికి చెయ్యెత్తితే చొక్కా పైకి జరిగి, నడుము దగ్గర బెల్టు వాత కనిపించింది. పక్కనే మానిపోయిన పాత వాతలు కూడా ఉన్నాయి. ఆ సాయంత్రమే మొదటి లేఖ రాశాను. రసీదు నంబరు వచ్చింది. అంతకుమించి ఏమీ రాలేదు.

నాలుగు నెలల తర్వాత వాడు బడి వెనక పిల్లికూనను గోడకేసి కొట్టాడు. రెండో లేఖ రాశాను. "ఇది కుటుంబ విషయం, తల్లిదండ్రులతో మాట్లాడుకోండి" అని జవాబు వచ్చింది. ఏ తల్లిదండ్రులతో మాట్లాడమన్నారో మీరే ఆలోచించండి.

మూడో లేఖలో నేనొక తప్పు చేశాను. "ఇలాంటి పిల్లలే రేపు సీరియల్ కిల్లర్లు అవుతారు" అని రాశాను. నాలుగు రోజుల్లో ఇద్దరు మనుషులు బడికి వచ్చారు. వాడి ఇంటికి మాత్రం వెళ్లలేదు. వాణ్ని హెడ్‌మాస్టర్ గదిలోకి పిలిపించి, "ఎవర్నయినా చంపాలనిపిస్తుందా?" అని అడిగారు. గది తలుపు సరిగ్గా మూసుకోదు. మధ్యాహ్నానికి ఆ మాట బడంతా పాకింది. ఇంటికి వెళ్లేసరికి వాడికో పేరు కూడా పెట్టారు పిల్లలు. రెండు నెలల్లో వాణ్ని బడి మాన్పించారు. వాతల గురించి ఎవరూ అడగలేదు.

వీపు మీది దెబ్బలకు కదలని కార్యాలయం, "హంతకుడు" అన్న ఒక్క మాటకు కదిలింది. కదిలి వచ్చి పిల్లవాడి మీదే పడింది. ఆ మాట రాసింది నేనే కాబట్టి ఇందులో నా పాలూ ఉంది. తర్వాత ఈ తీరును ప్రశ్నిస్తూ రెండు లేఖలు రాశాను. జవాబు లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆ మూడో లేఖ తర్వాత నేను చేసిన పని ఒకటే. నేను రాసిన వాక్యం ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి చదవడం మొదలుపెట్టాను. తేలింది ఇదీ.

1. సంబంధం ఉంది. దాన్ని కొట్టిపారేయలేం.

2005లో మిచెల్, ఆమట్ అనే ఇద్దరు పరిశోధకులు 50 మంది సీరియల్ కిల్లర్ల బాల్యాన్ని మామూలు జనాభా లెక్కలతో పోల్చారు. ఆ 50 మందిలో 36 శాతం మంది చిన్నతనంలో శారీరక హింసకు, 26 శాతం మంది లైంగిక హింసకు, 50 శాతం మంది మానసిక హింసకు గురయ్యారు. మామూలు జనాభా కంటే ఇవి చాలా ఎక్కువ. విచిత్రంగా, నిర్లక్ష్యానికి గురైనవాళ్లు రెండు వైపులా సమానంగా 18 శాతమే ఉన్నారు.

అంతకు ముందు, 1988లో, అమెరికాలో పిల్లల వయసులో చేసిన నేరాలకు మరణశిక్ష పడిన 14 మందిని డొరొతీ ఆట్నో లూయిస్ బృందం పరీక్షించింది. 14 మందికీ చిన్నప్పుడు తలకు దెబ్బలు తగిలి ఉన్నాయి. 12 మందిని ఇంట్లో దారుణంగా కొట్టేవారు. ఐదుగురి మీద సొంత బంధువులే లైంగిక దాడి చేశారు. ఉరికంబం దాకా వచ్చిన పిల్లల గురించి ఈ సంగతులు తెలుసుకోవడానికి ఒక పరిశోధన బృందం రావలసి వచ్చింది. అదే పరీక్ష వాళ్లకు ఆరేడేళ్లున్నప్పుడు ఎవరైనా చేసి ఉంటే?

2. కానీ ఆ సంబంధాన్ని తిప్పి చదవకూడదు. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే.

హంతకుల్లో చాలామంది దెబ్బలు తిన్న పిల్లలు అనడం వేరు, దెబ్బలు తిన్న పిల్లలు హంతకులవుతారు అనడం వేరు. క్యాథీ స్పాట్జ్ విడమ్ 1989లో ప్రచురించిన అధ్యయనం ఈ లెక్క తేల్చింది. హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టులు నిర్ధారించిన 908 మంది పిల్లలను, అదే వయసు, అదే నేపథ్యం ఉన్న మరో 667 మందిని పక్కపక్కన పెట్టి, వాళ్లు పెద్దయ్యేదాకా పోలీసు రికార్డులు చూశారు. బాల్యంలోనే అరెస్టయినవాళ్లు మొదటి జట్టులో 26 శాతం, రెండో జట్టులో 17 శాతం. హింసాత్మక నేరాల్లో అరెస్టయినవాళ్లు 11 శాతం, 8 శాతం.

తేడా ఉంది, కాదనను. కానీ ఆ 11 పక్కన మిగిలిన 89ని కూడా చూడండి. హింసకో నిర్లక్ష్యానికో గురైన నూరు మంది పిల్లల్లో 89 మంది ఏ హింసాత్మక నేరంలోనూ అరెస్టు కాలేదు. అందులోనూ ఆ 11 మందివి కొట్లాటలు, దోపిడీల వంటి నేరాలు కూడా. వరుస హత్యలు చేసేవాళ్లు లక్షల్లో ఒకరు కూడా ఉండరు. అలాంటి అరుదైనదాన్ని ఒక తొమ్మిదేళ్లవాడి ముఖంలో ముందే చదివేస్తానని అనుకున్నాను. జోస్యం చెప్పేవాళ్లకు కూడా అంత ధైర్యం ఉండదు.

తిరగేసి చూసినా లెక్క పొసగదు. మొదట చెప్పిన ఆ 50 మంది సీరియల్ కిల్లర్లలో దాదాపు మూడో వంతు మంది బాల్యంలో ఏ హింసా కనిపించలేదు. 1974 నుంచి 1991 దాకా పదిమందిని చంపిన డెనిస్ రేడర్ మామూలు కుటుంబంలో పెరిగాడు. సొంత రోగులనే చంపిన బ్రిటిష్ వైద్యుడు హెరాల్డ్ షిప్‌మన్ విషయంలో 2002 నాటి విచారణ నివేదిక 215 మంది బాధితులను గుర్తించింది. అతని బాల్యంలో చెప్పుకోదగ్గ విషాదం, 17 ఏళ్ల వయసులో తల్లి క్యాన్సర్‌తో చనిపోవడం. ఆ దుఃఖం ఎంతమంది పిల్లలకు లేదు? 17 మందిని చంపిన జెఫ్రీ డామర్‌ను ఇంట్లో కొట్టలేదు. తల్లిదండ్రుల గొడవల మధ్య పెరిగాడు, బడి రోజుల్లోనే తాగుడు మరిగాడు, 1978లో తల్లి తమ్ముణ్ని తీసుకుని వెళ్లిపోతే 18 ఏళ్లకు ఖాళీ ఇంట్లో ఒంటరిగా మిగిలాడు. మొదటి హత్య ఆ వేసవిలోనే చేశాడు. బడికి తాగి వస్తున్న పిల్లవాణ్ని చూసినవాళ్లున్నారు. "వీడింతే" అనుకుని ఊరుకున్నారు.

3. "మూడు లక్షణాలు" అనే పట్టికను దయచేసి మీ శిక్షణ పుస్తకాల్లోంచి తీసేయండి.

పక్క తడపడం, నిప్పు పెట్టడం, మూగజీవాలను హింసించడం. ఈ మూడూ ఉంటే కాబోయే హంతకుడని నేర సీరియళ్లు చూసిన ప్రతి ఒక్కరూ చెబుతారు. నేనూ చెప్పాను. ఇది 1963లో జె. ఎం. మెక్‌డొనాల్డ్ అనే మానసిక వైద్యుడు రాసిన వ్యాసంలోంచి వచ్చింది. ఆయన చూసినది 100 మంది రోగులను. వాళ్లు హత్యలు చేసినవాళ్లు కాదు, చంపుతామని బెదిరించినవాళ్లు. తర్వాత ఆయనే మళ్లీ పరిశీలించి, గట్టి సంబంధం కనిపించలేదని ఒప్పుకున్నారు. పక్క తడపడం చాలామంది పిల్లల్లో ఉండేదే. భయంతో పక్క తడిపిన పిల్లవాడు తడిపినందుకు మళ్లీ తన్నులు తింటాడు, దాంతో భయం పెరిగి మళ్లీ తడుపుతాడు. అందులో వెతకవలసింది హంతకుణ్ని కాదు, కొట్టే చెయ్యిని.

మూగజీవాల సంగతి మాత్రం వేరుగా చూడాలి. 1983లో ఒక అధ్యయనం పిల్లల మీద హింస జరిగినట్టు తేలిన 53 కుటుంబాలను పరిశీలించింది. 60 శాతం ఇళ్లలో పెంపుడు జంతువులూ హింసకు గురయ్యాయి. వాటిలో పిల్లల్ని కొట్టే ఇళ్లను విడిగా చూస్తే ఆ సంఖ్య 88 శాతం. చాలాసార్లు ఆ జంతువులను కొట్టింది పెద్దవాళ్లే. నా పిల్లవాడు గోడకేసి కొట్టిన పిల్లికూన వాడి భవిష్యత్తు చెప్పిందో లేదో నాకు తెలియదు. వాడి ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతోందో మాత్రం అరిచి చెప్పింది. మనకు వినిపించలేదు.

4. దెబ్బ మనసులోకి ఎలా దిగుతుంది?

ఇది కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే "పుట్టుకతోనే రాక్షసుడు" అనేవాళ్లూ, "సమాజమే తయారు చేసింది" అనేవాళ్లూ ఇద్దరూ ఇక్కడే తడబడతారు.

పుట్టుకతో వచ్చేది కొంత ఉంది. ఇంగ్లండు, వేల్స్‌లలో ఏడేళ్ల కవలల మీద ఎస్సి వైడింగ్ అనే పరిశోధకురాలి బృందం 2005లో చేసిన అధ్యయనంలో, ఎదుటివారి బాధకు చలించకపోవడం అనే లక్షణం చాలావరకు వంశపారంపర్యంగా వస్తున్నట్టు తేలింది. అయితే గింజ ఒక్కటే చెట్టు కాదు. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను పుట్టుక నుంచి గమనిస్తూ వస్తున్నారు. వాళ్లలో మగపిల్లలను చూసి 2002లో అవ్‌షాలోమ్ కాస్పీ బృందం ఒక విషయం కనుక్కుంది. మెదడులోని రసాయనాలను విరిచే ఎంజైమును తక్కువగా తయారుచేసే జన్యువు కొందరిలో ఉంది. ఆ జన్యువుతో పాటు బాల్యంలో హింస కూడా ఉన్నవాళ్లు మొత్తంలో 12 శాతమే. హింసాత్మక నేరాల శిక్షల్లో 44 శాతం వాళ్లకే పడ్డాయి. అదే జన్యువు ఉండి కూడా మంచిగా పెరిగిన పిల్లల్లో ఆ ప్రమాదం కనిపించలేదు. జన్యువును మీరు మార్చలేరు. రెండోదాన్ని ఆపడానికే మీ ఉద్యోగం ఉంది.

మిగతాది మెదడు పని. ఎప్పుడు ఎవరు కొడతారో తెలియని ఇంట్లో పెరిగే పిల్లవాడి ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు ఎప్పుడూ ఎక్కువగానే ఉంటాయి. ప్రమాదాన్ని పసిగట్టే భాగం అతిగా పదునెక్కుతుంది. ఆవేశానికి కళ్లెం వేసే ముందు భాగం వెనకబడుతుంది. తలకు దెబ్బ తగిలితే ఆ కళ్లెం ఇంకా వదులవుతుంది. కొందరు పిల్లలు బాధను తట్టుకోలేక, ఏమీ అనిపించకుండా ఉండటం నేర్చుకుంటారు. అది వాళ్లను ఆ రాత్రికి కాపాడుతుంది. కానీ తన నొప్పి తనకే తెలియనివాడికి పక్కవాడి నొప్పి ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి, ఊహాలోకం. అమెరికా ఎఫ్‌బీఐ తరఫున రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్, వాళ్లతో కలిసి పనిచేసిన నర్సింగ్ ప్రొఫెసర్ ఆన్ బర్జెస్, జైళ్లలో ఉన్న 36 మంది లైంగిక హంతకుల ఇంటర్వ్యూలను విశ్లేషించారు. మళ్లీ మళ్లీ కనిపించినది ఒంటరితనం, అందులో పెరిగిన ఊహ. ఇంట్లో ఏ అధికారమూ లేని పిల్లవాడు ఊహలో సర్వాధికారి అవుతాడు. ప్రతి పిల్లవాడికీ ఊహలుంటాయి, అందులో తప్పులేదు. మాట్లాడే మనిషి ఒక్కరూ లేనప్పుడు, ఆ ఊహలో ఎదుటి మనిషి ఆటవస్తువుగా మారుతున్నాడని చెప్పి ఆపేవాళ్లు ఉండరు. ఏళ్ల తరబడి అదే ఊహను పదును పెట్టుకుంటాడు.

2005లో ఎఫ్‌బీఐ ఏర్పాటు చేసిన నిపుణుల సదస్సు కూడా చివరికి చెప్పింది ఇంతే: సీరియల్ కిల్లర్‌ను తయారుచేసే ఒకే ఒక్క కారణమంటూ లేదు. పుట్టుక, పెంపకం, పరిస్థితులు, చివరికి ఆ మనిషి చేసుకున్న నిర్ణయాలు, అన్నీ కలిస్తేనే.

5. చూసినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే.

అమెరికా సీరియల్ కిల్లర్ ఎడ్మండ్ కెంపర్ సంగతి చూడండి. చిన్నప్పుడు తల్లి అతణ్ని నేలమాళిగలో పడుకోబెట్టి తాళం వేసేది. పదేళ్ల వయసుకే పెంపుడు పిల్లిని చంపాడు. తల్లి వద్దంది, తండ్రి వద్దన్నాడు, తాతా నానమ్మల దగ్గరికి తోలేశారు. 1964లో, 15 ఏళ్ల వయసులో ఆ ఇద్దర్నీ కాల్చి చంపాడు. మానసిక ఆసుపత్రిలో పెట్టారు. 1969లో 21వ పుట్టినరోజున విడుదల చేశారు. తల్లి దగ్గరికి మాత్రం పంపొద్దని ఆసుపత్రి వైద్యులు చెప్పారు. తల్లి దగ్గరికే పంపారు. 1972, 73లలో ఆరుగురు అమ్మాయిలను, తల్లిని, ఆమె స్నేహితురాలిని చంపి, తనే పోలీసులకు ఫోన్ చేశాడు. ఆ హత్యలు మొదలైన తర్వాతే మానసిక వైద్యులు అతణ్ని పరీక్షించి ప్రమాదం లేదన్నారు, పాత నేర రికార్డును మూసేయించారు. ఇందులో ఎవరికీ తెలియకుండా జరిగింది ఏముంది? ప్రతి మెట్టు దగ్గరా ఒక అధికారి సంతకం ఉంది.

అమెరికాలోనే మరో సీరియల్ కిల్లర్ ఐలీన్ వోర్నోస్‌కు నాలుగేళ్లు నిండకముందే తల్లి వదిలేసి పోయింది. ఎన్నడూ చూడని తండ్రి, పిల్లల మీద నేరాలకు జైలుకెళ్లి 1969లో అక్కడే ఉరేసుకున్నాడు. 1971లో, 15 ఏళ్లు నిండీ నిండగానే ఆమె బిడ్డను కన్నది. ఆ బిడ్డను దత్తతకు తీసుకెళ్లారు. అదే ఏడాది అమ్మమ్మ పోయింది, తాత ఇంట్లోంచి గెంటేశాడు. ఊరి పక్క అడవిలో పడుకునేది. బిడ్డను కన్నప్పుడు ఆసుపత్రి రికార్డు రాసింది. దత్తత కాగితాల మీద సంతకాలు జరిగాయి. ఆమె బడి మానేసింది. ఇన్ని కార్యాలయాలు కాగితాలు రాశాయి, ఒక్కటీ ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందని అడగలేదు. 1989, 90లలో ఆమె ఏడుగురు మగవాళ్లను చంపింది. 2002లో ఆమెకు మరణశిక్ష అమలైంది.

కార్ల్ పాన్‌జ్రామ్ కథ మీరు ముఖ్యంగా చదవాలి. అతణ్ని పాడు చేసింది ఇల్లు ఒక్కటే కాదు. 1903లో, పన్నెండేళ్లకు, పక్కింట్లో దొంగతనం చేసినందుకు అతణ్ని అమెరికాలోని మినెసోటా రాష్ట్ర సంస్కరణ పాఠశాలకు పంపారు. అక్కడ సంస్కరణ పేరుతో తనను ఎలా కొట్టారో, తన మీద ఎలాంటి లైంగిక దాడులు జరిగాయో తర్వాత జైల్లో సొంతంగా రాసిపెట్టాడు. 1905లో ఆ కొట్టే భవనానికే నిప్పు పెట్టాడు. పెద్దయ్యాక 21 మందిని చంపానని చెప్పుకున్నాడు. 1930లో ఉరితీశారు. ఇంటి నుంచి తప్పించిన పిల్లవాణ్ని ఎక్కడికి తీసుకెళుతున్నామన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఇంతకంటే చెప్పాలా?

ఇవేవీ వాళ్లు చేసినవాటికి సాకులు కావు. చనిపోయినవాళ్లు ఏ బాల్యానికీ బాధ్యులు కారు. ఆ హతుల కుటుంబాలు ఈ లేఖ చదివితే "హంతకుల మీద జాలి చూపిస్తోంది" అనుకోవచ్చు. నాకు జాలి ఉంది. ఆ జాలి చీకటి గదిలో తాళం పడిన పిల్లవాడి మీద, ఆ తర్వాత అతని చేతిలో పోయిన అమ్మాయిల మీద. పెద్దయిన ఆ మనిషి వేరే లెక్క. అతను చేసినదానికి జవాబు అతనే చెప్పాలి.

6. హంతకులు చెప్పుకునే బాల్యాలను కూడా గుడ్డిగా నమ్మొద్దు.

అమెరికా హంతకుడు హెన్రీ లీ లూకస్‌ సంగతి చూడండి. తల్లి అతణ్ని హింసించిందనడానికి ఆధారాలున్నాయి. 1960లో తల్లినే చంపాడు. కానీ అదే మనిషి తర్వాత వందల హత్యలు తనే చేశానని పోలీసులకు చెప్పాడు. వాటిలో ఎక్కువ భాగం అబద్ధాలని 1986లో టెక్సస్ అటార్నీ జనరల్ నివేదిక తేల్చింది. నేరవార్తలు రాసే మిత్రులకు ఒక్క మాట: కన్నీటి కథ ఎంత రక్తి కట్టినా, బడి రికార్డు, ఆసుపత్రి రికార్డు చూసి రాయండి. కథ అల్లడంలో వాళ్లు మనకంటే ఆరితేరినవాళ్లు.

7. దారి మళ్లించవచ్చు. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటాం. మానులు కూడా కాస్త వంగుతాయని చెప్పే ఆధారాలున్నాయి.

1968లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 11 ఏళ్ల అమ్మాయికి ఇద్దరు పసివాళ్లను చంపిన కేసులో శిక్ష పడింది. ఆమె బాల్యం చాలా ఘోరంగా గడిచింది. 1980లో విడుదల చేశారు. కొత్త పేరుతో బతికింది, బిడ్డను పెంచింది. మళ్లీ అలాంటి నేరంలో ఆమెకు శిక్ష పడలేదు. ఆ ఇద్దరు పసివాళ్లూ తిరిగి రాలేదన్నదీ నిజమే.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1995లో మెండోటా అనే చికిత్సా కేంద్రం మొదలైంది. ఇక ఎవరూ మార్చలేరని జువెనైల్ జైళ్లు వదిలేసిన కుర్రాళ్లను అక్కడికి పంపుతారు. విడుదలైన 248 మందిని తర్వాత గమనిస్తే, అక్కడ పూర్తి చికిత్స పొందినవాళ్లలో ఒక్కరూ హత్య చేయలేదు. మామూలు జైళ్లలో ఉన్న మిగతావాళ్ల చేతుల్లో 16 మంది చనిపోయారు.

ఇంకా ముందే మొదలుపెట్టవచ్చు. డేవిడ్ ఓల్డ్స్ 1970ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మీరాలో 400 మంది గర్భిణులతో ఒక ప్రయోగం చేశారు. కొందరి ఇళ్లకు, బిడ్డకు రెండేళ్లు నిండేదాకా నర్సులు వెళ్లి కూర్చుని మాట్లాడారు. పదిహేనేళ్ల తర్వాత ఆ ఇళ్లలో పిల్లల మీద హింస కేసులు తక్కువ, ఆ పిల్లల అరెస్టులూ తక్కువ. నర్సు, ఒక కుర్చీ, కొన్ని వారాలకోసారి ఒక గంట. ఇంతకంటే గొప్ప యంత్రమేమీ వాడలేదు.

మీరు కదలకపోతే నష్టపోయేది ఎవరు?

సీరియల్ కిల్లర్ చేతిలో పోయేవాళ్లు అని నేను అనను. అలాంటివాళ్లు అరుదు. నష్టపోయేది మిగిలిన ఆ 89 మంది. 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా ప్రచురించిన పెద్ద అధ్యయనం చెప్పింది: బాల్యంలో నాలుగు లేక అంతకంటే ఎక్కువ రకాల కష్టాలు పడ్డవాళ్లలో తాగుడు, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నాల ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. దెబ్బలు తిన్న పిల్లల్లో ఎక్కువమంది ఎవరినీ చంపరు. తమను తామే కొద్దికొద్దిగా చంపుకుంటారు. అది వార్త కాదు కాబట్టి మీ బల్ల దాకా రాదు.

ఇంకో నష్టం కూడా ఉంది. నా మూడో లేఖ తర్వాత జరిగింది చూసి, మా బడిలో మరో ఇద్దరు టీచర్లు తాము చూసినవి రాయడం మానేశారు. "రాస్తే పిల్లవాడికే చేటు" అన్నారు. వాళ్లను తప్పు పట్టలేకపోయాను.

అందుకని అడుగుతున్నాను:

1. పిల్లల మీద హింస గురించి ఎవరు రాసినా, ఏం చేశారో, చేయకపోతే ఎందుకు చేయలేదో, ఏ అధికారి నిర్ణయించారో 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. రసీదు నంబరును జవాబుగా చూపడం మానాలి.

2. ముందు ఇంటికి వెళ్లాలి. పిల్లవాణ్ని బడిలో అందరి ముందూ పిలిపించి విచారించడం ఆపాలి. మాట్లాడవలసి వస్తే అందుకు శిక్షణ ఉన్నవాళ్లు, తలుపు మూసుకునే గదిలో, వాడు నమ్మే ఒక పెద్దమనిషిని పక్కన ఉంచి మాట్లాడాలి.

3. మొదటి వారంలోనే పిల్లల వైద్యుడి చేత పరీక్ష చేయించాలి. తలకు తగిలిన పాత దెబ్బలు, చూపు, వినికిడి కూడా చూడాలి.

4. జంతువులను హింసించిన ఫిర్యాదు ఎక్కడ నమోదైనా, ఆ ఇంట్లో పిల్లలుంటే మీకు కబురు రావాలి. మీ దగ్గర పిల్లల ఫిర్యాదు ఉంటే జంతు సంరక్షకులకు వెళ్లాలి. వచ్చిన కబురుతో పిల్లవాణ్ని అనుమానించడానికి కాదు, ఇంటిని చూడటానికి.

5. ఏ పిల్లవాడి ఫైల్లోనూ "కాబోయే నేరస్థుడు", "ప్రమాదకారి" వంటి మాటలు రాయకూడదు. చూసింది రాయండి: ఎక్కడ వాత, ఎంత పాతది, ఎవరు ఏమన్నారు. నాలాంటి టీచర్ ఎవరైనా భయపెట్టే మాట రాస్తే, దాన్ని పక్కన పెట్టి వాతల సంగతి అడగండి.

6. పిల్లలను ఉంచే ప్రతి ఆశ్రమాన్నీ, ప్రతి సంస్కరణ గృహాన్నీ బయటివాళ్లు చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయాలి. అక్కడి పిల్లలు సిబ్బంది లేకుండా ఒంటరిగా మాట్లాడే వీలుండాలి. వీలైన చోటల్లా పిల్లలను ఆశ్రమాల్లో కాకుండా కుటుంబాల్లో ఉంచాలి. రుమేనియాలో 2000లో మొదలైన అధ్యయనంలో 136 మంది ఆశ్రమ పిల్లలను చూశారు. పెంపుడు కుటుంబాలకు వెళ్లినవాళ్లు, అందులోనూ రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు బాగా కోలుకున్నారు. ఆలస్యం అనేది ఇక్కడ నెలల్లో కొలవాలి.

7. న్యాయమూర్తులకు: పిల్లల కేసుల్లో బాల్య చరిత్ర శిక్ష ఖరారయ్యాక కాదు, మొదటి విచారణలోనే మీ ముందుకు రావాలి. వైద్యులు "ఆ ఇంటికి పంపొద్దు" అని రాస్తే, పంపే ఉత్తర్వులో ఎందుకు పంపుతున్నారో కారణం రాయాలి.

ఇవేవీ కొత్త కోరికలు కావు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 19వ అధికరణం పిల్లలను అన్ని రకాల హింస నుంచి కాపాడమంటుంది, 39వ అధికరణం గాయపడిన పిల్లలు కోలుకునేలా చూడమంటుంది. హంతకుడవుతాడన్న అనుమానం ఉంటేనే అని ఆ రెండింటిలోనూ ఎక్కడా లేదు.

చివరగా ఒక చిన్న విన్నపం. ఆ కుర్రాడి ఫైలు తెరవండి. వాడికిప్పుడు పదమూడేళ్లుంటాయి. నా మూడో లేఖలోని ఆ వాక్యాన్ని కొట్టేసి, అది తప్పని నేనే రాసి సంతకం పెడతాను, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. మొదటి రెండు లేఖలు మాత్రం అలాగే ఉంచండి. వాటిలో రాసినవన్నీ కళ్లారా చూసినవే. ఐదు లేఖల నకళ్లూ, రసీదు నంబరూ మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక రిటైర్డ్ టీచర్